పెదనాన్న తప్పెటగుళ్ళు, దూరదర్శన్ అటక

పోయిన సంక్రాంతికి చోడవరం వెళ్ళాను. భోగి నాడు పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఫోను గెలుకుతుంటే మా పెదనాన్న వచ్చి పక్కన చేరాడు. ముందురోజు రాత్రి మనవడు ఆయనకి ఫోన్లో పాత రామాయణం చూపించాడట. అప్పట్నుంచీ ఆయనకో సందేహం.

"ఒరే బాబూ, ఆ అరుణ్ గోవిల్ రాముడు దొరికినోడికి మా తప్పెటగుళ్ళు దొరకవేటి? అదీ టీవీలోనే కదా వచ్చింది!"

ఇరవయ్యేళ్ళుగా డేటాబేసులతో కాపురం చేస్తున్నవాణ్ణి, ఇంత చిన్న ప్రశ్నకి సమాధానం చెప్పలేకపోయాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

తప్పెటగుళ్ళు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మా ఉత్తరాంధ్రలో, ముఖ్యంగా గొల్లల ఇళ్ళల్లో తరతరాలుగా వస్తున్న ఆట ఇది. గుండ్రటి రేకు తప్పెటలు ఛాతీకి కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు వేసుకుని, పదిహేను ఇరవై మంది ఒకే లయలో పాడుతూ ఎగురుతారు. ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు ఎక్కి గోపురంలా నిలబడతారు కూడా. మా పెదనాన్న చెరకు రైతు. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలిన బండి మీదే జట్టుని ఊళ్ళు తిప్పిన మనిషి.

1989లోనో 90లోనో ఆ జట్టుకి హైదరాబాద్ దూరదర్శన్ నుంచి పిలుపొచ్చింది. అనకాపల్లిలో గోదావరి ఎక్కి వెళ్ళారు. స్టూడియోలో నేల నున్నగా ఉండి కాలు జారిపోయిందనీ, కెమెరాలో అందరూ పట్టాలంటే దగ్గరగా జరగమన్నారనీ, తప్పెటగుళ్ళు దగ్గరగా జరిగి ఆడితే మోచేతులు తగులుతాయనీ పెదనాన్న ఇప్పటికీ చెప్తాడు. డబ్బులు చెక్కు రూపంలో ఇచ్చారు. ఆ చెక్కు మార్చుకోడానికే ఆయన జీవితంలో మొదటిసారి బ్యాంకు ఖాతా తెరిచాడు.

కార్యక్రమం వచ్చిన సాయంత్రం ఊరంతా ఓ బెల్లం వ్యాపారి ఇంటి ముందు కూర్చున్నాం. మా అన్నయ్య డాబా ఎక్కి యాంటెన్నాని వైజాగ్ వైపు తిప్పుతున్నాడు. "వచ్చిందా?" "ఇంకొంచెం!" "ఇప్పుడో?" "చాలు చాలు, కదలకు!" ఈ సంభాషణ మీ ఇంట్లోనూ జరిగే ఉంటుంది :) జట్టు బొమ్మ కనపడింది, అందరూ ఈలలు వేశారు. పెదనాన్న ముందు వరసలోకి వచ్చే ఘట్టం ఇంకా రాలేదు. కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి వార్తలు చదువుతున్నారు.

ఆయన తనని తాను టీవీలో చూసుకోలేదు. ఇప్పుడాయనకి ఎనభై దాటాయి.

సరే, ఇక చరిత్రలోకి వెళ్దాం.

మన తెలుగువాళ్ళకి టీవీ వచ్చిన తీరు విచిత్రంగా ఉంటుంది. నగరం కంటే ముందు పల్లె చూసింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని ఇస్రో 'సైట్' అనే ప్రయోగం చేసింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెల్లో టీవీ పెట్టెలు పెట్టి వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువుల మీద కార్యక్రమాలు చూపించారు. ఏడాది అవగానే ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకున్నారు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. 1983 నవంబర్ 14న శాంతిస్వరూప్ గారు తొలి తెలుగు వార్తలు చదివారు. ఎదురుగా అక్షరాలు కదిలే ప్రాంప్టర్ లేకుండానే ఏళ్ళ తరబడి చదివిన మనిషి. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయినప్పుడు నా వయసు వాళ్ళంతా తమ బాల్యం గురించే మాట్లాడుకున్నారు.

ఇప్పుడు మన వృత్తిలో వాళ్ళకి సులువుగా అర్థమయ్యే సంగతి. ప్రసారం వేరు, భద్రపరచడం వేరు. లైవ్‌గా చదివిన వార్తకి ఎవరో ఒకరు పనిగట్టుకుని "దీన్ని రికార్డు చెయ్యాలి" అనుకుని టేపు పెడితేనే ఆనవాలు మిగిలేది. ఇక ఆ టేపు ఆ రోజుల్లో బంగారం. దిగుమతి సరుకు. ఒకసారి ప్రసారమైపోయాక దాని మీదే ఇంకోటి రికార్డు చేసుకోవడం అందరికీ సహజంగా తోచింది. డిస్కు నిండిపోతే పాత లాగులు చెరిపేస్తామే, అచ్చం అలాగే. అది దురుద్దేశం కాదు, బడ్జెట్టు.

మనవాళ్ళే ఇలా చేశారని తిట్టుకోకండి. లైసెన్సు ఫీజుతో నడిచే బీబీసీ 1960లు, 70లలో తన టేపులు ఎన్ని చెరిపేసిందో లెక్క చూస్తే మతి పోతుంది. 1978లో గానీ అక్కడ సినిమా రీళ్ళకీ వీడియో టేపులకీ కలిపి ఒక సరైన లైబ్రరీ ఏర్పడలేదు. 'డాక్టర్ హూ' పాత భాగాలు చాలా పోయాయి. అందులో తొమ్మిది భాగాలు 2013లో నైజీరియాలోని ఒక రిలే కేంద్రంలో దొరికాయన్నారు. విదేశాలకి అమ్మిన కాపీ అసలు యజమానిని ఆదుకుందన్నమాట. ఆఫ్‌సైట్ బ్యాకప్ అంటే ఇదే, అనుకోకుండా జరిగినదైనా!

దారి చూపించింది ఫ్రాన్సు. అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థని ముక్కలు చేసినప్పుడు, 1975లో, పాత టేపులు కాపాడే పనిని ఇనా అనే ప్రత్యేక సంస్థకి అప్పగించారు. పుస్తకం అచ్చువేస్తే జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి ఇచ్చినట్టు, టీవీ, రేడియో కార్యక్రమాలకీ ఆ నియమం పెడుతూ 1992లో చట్టం చేశారు. 2006 ఏప్రిల్‌లో పది వేల గంటల పాత కార్యక్రమాలని అంతర్జాలంలో జనానికి తెరిచారు. మొదటి రోజే జనం ఎగబడి సైటు కూలిపోయింది. నాకైతే ఆ వార్త చదివినప్పుడు అసూయ వేసింది. మన సర్వర్లు పరీక్షా ఫలితాల రోజు మాత్రమే కూలుతాయి.

బీబీసీ కూడా 2003లో తన అటకని జనానికి తెరుస్తానంది. 2005, 2006లలో ప్రయోగాత్మకంగా కొన్ని ముక్కలు పెట్టి ఆపేసింది. ఆపడానికి పెద్ద అడ్డంకి సాంకేతికం కాదు. హక్కులు. నటుడివి, రచయితవి, సంగీత దర్శకుడివి, అందరివీ.

ఈ హక్కుల ముడి మన దగ్గర ఇంకాస్త గట్టిది. 1980లలో దూరదర్శన్‌లో వచ్చిన పెద్ద సీరియళ్ళు చాలావరకు ప్రాయోజిత కార్యక్రమాలు. నిర్మాత తన డబ్బుతో తీసి, ప్రకటనలు తెచ్చుకుని, సమయం కొనుక్కునేవాడు. కాబట్టి సొత్తు నిర్మాతది. 2020 మార్చి 28న లాక్‌డౌన్‌లో రామాయణం మళ్ళీ వేసినప్పుడు, అది దూరదర్శన్ బీరువాలోంచి తీసి వేసిందని చాలామంది అనుకున్నాం. నిజానికి హక్కుదారులతో మాట్లాడుకుని వెయ్యాల్సి వచ్చింది. అదే స్టూడియోలో కళాకారుల్ని పిలిపించి తీసిన కార్యక్రమమైతే సంగతి వేరు. అది సంస్థ సొత్తే. చట్టం ప్రకారం దాని కాపీరైటు 60 ఏళ్ళు. అంటే 1977 నాటివి 2037 చివరితో అందరివీ అయిపోతాయి. మా పెదనాన్న ఆట రెండో రకంలోకి వస్తుంది. ఎవరూ అడ్డుచెప్పని రకం, ఎవరికీ గుర్తులేని రకం.

అలా అందరివీ అవ్వాలని చట్టం చెప్పకముందే అవి మనవని నేను వాదిస్తాను. మా తాత పెట్టెలో ఇప్పటికీ ఒక రేడియో లైసెన్సు పుస్తకం ఉంది. పోస్టాఫీసుకి వెళ్ళి ఏటా డబ్బు కట్టి ముద్ర వేయించుకున్నది. 1980ల మధ్యలో ఆ లైసెన్సులు ఎత్తేశారు. ఆ తర్వాత మన పన్నులతో నడిచింది. 1990లో చట్టం చేసి, 1997లో అమల్లోకి తెచ్చి, ప్రసార భారతి అనే స్వయంప్రతిపత్తి ఉన్న సంస్థ చేతిలో పెట్టారు. డబ్బు కట్టినవాడికి రసీదు ఉంటుంది గానీ సరుకు చూసుకునే వీలు లేదు. ఇదేం లెక్క?

అన్యాయంగా మాట్లాడకూడదు. ప్రసార భారతి ఆర్కైవ్స్ పేరుతో యూట్యూబ్‌లో ఛానెల్ ఉంది. అందులో దొరికే పాత కచేరీలు, ఇంటర్వ్యూలు చూస్తూ నేను ఎన్ని రాత్రులు నిద్ర పాడుచేసుకున్నానో నా భార్యని అడగాలి. 2020 ఏప్రిల్‌లో పాత సీరియళ్ళ కోసమే డీడీ రెట్రో మొదలైంది. 2024 నవంబర్‌లో గోవా చిత్రోత్సవంలో వేవ్స్ అనే ఓటీటీ యాప్ వదిలారు. పని జరుగుతోంది.

నా బాధ వేరే చోట. అటక తెరిచారు అంటే మన దృష్టిలో వీడియోలు ఎక్కించడం. నా దృష్టిలో మొదట ఎక్కించాల్సింది జాబితా. ఏ టేపు ఉంది, ఏది చెరిగిపోయింది, దాని మీద ఎవరి పేర్లు రాసి ఉన్నాయి, ఏ ఊరు, ఏ కళ. వీడియో ఎక్కించడానికి డబ్బూ, హక్కులూ, యంత్రాలూ కావాలి. జాబితాకి రిజిస్టర్లూ, ఓపికా చాలు. రికార్డింగుకి వెళ్ళిన ప్రతి కళాకారుడితో కాంట్రాక్టు కాగితం రాయించుకుంటారు, చెక్కు ఇస్తారు. పెదనాన్న కూడా ఓ కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చాడు. ఆ కాగితం కూడా ఒక డేటాబేసు రికార్డే కదండీ!

ఎందుకు జాబితా ముందు అంటున్నానంటే, వెతికేవాడికి తేదీ తెలియదు. పెదనాన్నని ఎప్పుడు వచ్చిందని అడిగాను. "మీ రెండో అప్ప పెళ్ళైన మరుసటేడు, తుపాను ముందు" అన్నాడు. మా తీరంలో తుపాను లేని ఏడాది చెప్పమనండి! తప్పెటగుళ్ళు, తప్పెట గుల్లు, తప్పెటగుండ్లు అని తెలుగులోనూ, ఇంగ్లీషులో పది రకాల స్పెల్లింగులతోనూ వెతికాను. ఈమధ్య జాతరల్లో ఎవరో ఫోనుతో తీసినవి బోలెడు వచ్చాయి. మావాళ్ళు రాలేదు. 'జానపద నృత్యం, హైదరాబాద్' అని మాత్రమే పేరున్న టేపులో మావాళ్ళు ఉన్నా సెర్చ్ ఇంజను ఎలా పడుతుంది? ఆ మొహాలు చూసి ఇది ఫలానా ఊరి జట్టు అని చెప్పగలిగేవాళ్ళు చోడవరం, మాడుగుల చుట్టుపక్కలే ఉన్నారు. ఏటా తగ్గిపోతున్నారు.

టేపుకీ ఆయుష్షు ఉంది. పూత ఊడిపోతుంది, బూజు పడుతుంది. అది బాగున్నా దాన్ని తిప్పే యంత్రం ఉండదు, యంత్రం ఉన్నా బాగుచేసే మనిషి ఉండడు. వీహెచ్ఎస్ ప్లేయర్లు తయారుచేసే చివరి కంపెనీ ఫునాయ్ 2016లో ఆపేసింది. ఆస్ట్రేలియా జాతీయ ఆర్కైవు వాళ్ళు 2015లోనే 2025ని గడువుగా చెప్పారు, ఆ లోపు డిజిటల్ చెయ్యని టేపు చాలావరకు పోయినట్టే అని. ఆ గడువు రానే వచ్చింది. పైగా ఇది ఫైలు కాపీ చేసినట్టు కాదు, గంట టేపుకి గంట పడుతుంది. అందుకే ముందు ఏ టేపు ఎక్కించాలో ఎంచుకోవాలి. జాబితా చూడకుండా ఎంచుకుంటే ఢిల్లీలో తీసినవీ, పేరున్నవాళ్ళవీ ముందు వరసలో నిలబడతాయి. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' కూడా శ్యామ్ బెనెగల్ హిందీలో తీస్తేనే దేశమంతా చూసింది. రామంతపూర్ స్టూడియోలో ఒక సాయంత్రం ఎగిరి వెళ్ళిన చెరకు రైతులు ఏ వరసలో ఉంటారు?

2014లో రాష్ట్రం విడిపోయి ఛానెళ్ళు సప్తగిరి, యాదగిరి అయ్యాయి. 2022లో మా చోడవరం విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకి మారింది. రేపు ఎవరైనా జాబితా రాసేటప్పుడు జిల్లా గడిలో ఏం పెడతారో! పాత పేరూ కొత్త పేరూ రెండూ పెట్టండి బాబూ, లేకపోతే మళ్ళీ దొరకం.

భోగి నాడే ఒక పని మొదలుపెట్టాను. ఫోన్లో రికార్డింగు పెట్టి, జట్టులో ఎవరెవరు ఏ వరసలో నిలబడ్డారో పెదనాన్న చేత చెప్పించాను. పద్దెనిమిది మందిలో పదహారు పేర్లు చెప్పాడు. ఒకటి చెల్లెలి మొగుణ్ణి అడిగితే దొరికింది. ఎడమ నుంచి నాలుగో మనిషి పేరు ఎంతకీ గుర్తు రాలేదు. "ఆడి తమ్ముడు వెంకన్నపాలెంలో ఉండాలి, కనుమనాడు ఎల్దారి" అన్నాడు. వెళ్ళాం. తమ్ముడు పేరు చెప్పాడు, అన్న పోయి ఏడేళ్ళైందని కూడా చెప్పాడు.

ఇది చదివేవాళ్ళలో 1989, 90 ప్రాంతంలో వీసీఆర్ ఉన్న ఇళ్ళవాళ్ళు కొందరైనా ఉంటారు. అమెరికాలో చుట్టాలకి పంపడానికని దూరదర్శన్ తెలుగు కార్యక్రమాలు రికార్డు చేసినవాళ్ళూ ఉంటారు. అటక మీద ఆ క్యాసెట్లుంటే బూజు దులిపి ఒకసారి తిప్పించండి. తప్పెటగుళ్ళు కనిపిస్తే ఎడమ నుంచి నాలుగో మనిషిని చూడండి. ఒక్క అతనికే ఎర్ర తలపాగా ఉంటుందట.