మన ఊరి చరిత్రము - మన పిల్లలు



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016లో మూడు జిల్లాలకు ముఖ్యపట్టణములైనవి. ఈ సీమలో చరిత్రకు కొదువ లేదు. దానిని పిల్లలకు జెప్పు తీరునందే కొదువ గలదు. ఇది పరదూషణము గాదు. నేనును పెక్కేండ్లు సంవత్సరములు వల్లె వేయించి, అదియే చరిత్రబోధ యని భ్రమించినవాడనే.

నా తరగతిలో నొక బాలుడుండెను. సంస్థానముల వృత్తాంతము వరుసగా నప్పజెప్పలేక దినదినమును బల్లపై నిలువబడెడివాడు. ఒకనాడు పిల్లలనందరిని సరళాసాగరము గట్టునకు గొనిపోతిని. వనపర్తి రాజా రామేశ్వరరావుగారు తమ తల్లి సరళాదేవి పేర తలపెట్టిన యీ జలాశయమునకు 1949లో శంకుస్థాపన జరిగెను; 1959లో పని పూర్తియైనది. నీరు నిర్ణీతమట్టమునకు రాగానే, ఎవ్వరును తలుపెత్తకయే, సైఫనులు తమంత దామే నీటిని వెలుపలికి వదలును. ఇదెట్లు జరుగునని యడుగగా నందరు నూరకుండిరి. ఆ బాలుడు మాత్రము గొట్టముతో తొట్టినీరు దిగువకు దీయు రీతిని ఇసుకలో గీసి చూపెను. పిదప 1949, 1959 అను నంకెలు వాని నోట నడుగకయే వెడలెను. వాడు మందమతి గాడు. వాని యింటి వాకిలి యొకటి, నేను తట్టిన గోడ యొకటి.

అట్లని వీడు కంటితో నేర్చువాడు, వాడు చెవితో నేర్చువాడని పిల్లలను వేరుపరుపరాదు. అట్టి విభజనవలన చదువు మెరుగుపడునని తగిన నిదర్శనము లేదని 2008లో నలుగురు అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు పూర్వపరిశోధనములను సమీక్షించి వ్రాసిరి. మన పెద్దలును శ్రవణ మనన నిదిధ్యాసనములను మూటిని ఒక్క శిష్యునికే విధించిరి గాని ముగ్గురికి బంచియీయలేదు. కావున ప్రతిబాలునికి అన్ని త్రోవలును చూపవలయును.

గద్వాలనే తీసికొనుడు. పదునెనిమిదవ శతాబ్ది తొలినాళ్ల సోమభూపాలుని కోట, అందలి చెన్నకేశవాలయము, విద్వద్గద్వాల యను ప్రసిద్ధి, ఇవి చెప్పవలసినవే. తరువాత పిల్లలను మగ్గమునొద్దకు గొనిపోవలెను. నూలుచీరకు పట్టుటంచు కూర్చు విధము నేతగాని కొడుకు చెప్పవలెను, పండితుని కొడుకు వినవలెను. తిరుమల బ్రహ్మోత్సవములకు ఏటేట బోవు జోడుపంచెలు ఇచ్చటి మగ్గములవే. సంస్థానపుటధికారము పోయినను ఆ యాచారము నిలిచినదని అచ్చటనే బోధపడును.

నాగర్‌కర్నూలు పేరునకు బండ్లవారి కందెన కథ యొకటి, నాగన కందన సోదరుల కథ యొకటి ప్రచారమున నున్నవి. రెండును పిల్లలచే జెప్పించి, దేనికి శాసనాధారము గలదని యడుగుడు. నందివడ్డెమాను పూర్వనామము వర్ధమానపురమని శాసనములు చెప్పుచున్నవి. వినికిడికిని ఆధారమునకును గల భేద మొక్క గంటలో తెలియును.

ఈ గద్వాల సీమవారైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రమున రాజుల యుద్ధములకంటె జనుల తిండి, బట్ట, ఆటపాటలకే పెద్దపీట వేసిరి. అట్టి చరిత్రమునకు మీ జ్ఞాపకమే భాండారము. 2019 డిసెంబరు 31వ తేదీన సరళాసాగరము గట్టు తెగినది. పుస్తకములో తేది మాత్రమే నిలుచును. నీరు వచ్చిన దారి, మునిగిన చేలు చూచినవారి నోటనే నున్నవి. ఆ నోరు మూతపడినచో ఏ గురువును దానిని బోధింపజాలడు. మీ మనుమడు పాఠము చదువుచుండగా ప్రక్కన గూర్చుండి, చూచినది చూచినట్లు చెప్పుడు.