పడమటి కనుమల నుంచి గోదారి గట్టుకు

ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటి మాట. ఇవాళ రాజమహేంద్రవరం ఉన్నచోట ఉప్పునీటి పాయలు, బురద నేలలు. పడమటి నుంచి ఏటి లోయ పట్టుకుని లావా దిగుతోంది. పరుగు కాదు, పాకడం. పైన నల్లటి తెట్టు కట్టింది. ఆ తెట్టే దుప్పటిలా కప్పి లోపలి వేడిని పోనివ్వడం లేదు. ముందు అంచు చిట్లుతుంది, నిప్పుముద్ద పొంగి బయటికొస్తుంది, దాని మీదా తెట్టు కడుతుంది. మళ్లీ చిట్లుతుంది. అలా అలా వచ్చి బురదలోకి దిగింది.

ఆ లావా ఎక్కడ పుట్టిందన్నది చాలాకాలం తేలలేదు. కాతేరు దగ్గరా, ఏటికి అవతల పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు క్వారీల్లోనూ కనిపించే నల్లరాయి అచ్చం దక్కన్ పీఠభూమిని కప్పిన లావా రాయే. కానీ ఆ దక్కన్ లావా వికారాబాద్ వైపే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇక్కడికి 300 కిలోమీటర్ల పైనే ఎడం. పైగా మన ఉపఖండం అంటార్కిటికా నుంచి విడిపోయినప్పుడు చీలిన తీరం ఇది. ఆ చీలికల్లోంచే ఇక్కడే పొంగిందేమోనన్న అనుమానం సహజమే.

చివరికి రాయే సాక్ష్యం చెప్పింది. ముక్కను పొడి చేసి ప్రయోగశాలలో టైటానియం, జిర్కోనియం, నియోబియం పాళ్లు కొలుస్తారు. అడుగున ఏ రాయి ఎంత కరిగింది, పైకొస్తూ దారిలో ఏ పాతశిలను కలుపుకుంది అన్న జాడ ఆ పాళ్లలో ఉండిపోతుంది. 2008లో భూవిజ్ఞాని స్టీఫెన్ సెల్ఫ్ బృందం పోల్చి చూస్తే, గోదావరి రాయి పడమటి కనుమల్లోని అంబెనలి, మహాబలేశ్వర్ పొరలతో సరిపోయింది. అంటే దాదాపు 1000 కిలోమీటర్ల ప్రయాణం! భూమ్మీద ఇంతకన్నా పొడవైన లావా ప్రవాహాలు ఉన్నాయా అని వాళ్లే ప్రశ్నించారు.

రసాయనం ఒక్కటే అయితే కాకతాళీయం అనుకోవచ్చు. కానీ అయస్కాంతమూ అదే మాట చెబుతోంది. లావా గడ్డకట్టేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు నాటి భూ అయస్కాంత దిక్కును పట్టుకుంటాయి. ఇక్కడున్నవి రెండు లావా పొరలు: కింది పొరలో ఆ దిక్కు ఇప్పటికి తలకిందులు, పై పొరలో సవ్యం. పడమటి కనుమల్లోనూ అదే వరుస.

క్వారీ గోడ దగ్గర నిలబడితే ఆ రెండు నల్లపొరల మధ్య లేతరంగు పొర కనిపిస్తుంది. వేలితో తడిమితే గుల్లలు, నత్తచిప్పలు. ఈ గోడలు కంకరై రోడ్ల కిందికి పోతున్నాయి. ఒక్కటైనా చెక్కుచెదరకుండా మిగల్చమని ప్రభుత్వాన్ని గట్టిగా అడగాలి, ఎందుకంటే ఈ పొరలో ఉన్నది మరెక్కడా సులువుగా దొరకదు. కింది లావాకు సరిగ్గా పైన శిలాజ పరిశోధకురాలు గెర్టా కెల్లర్ బృందానికి కంటికి ఆనని సముద్రజీవుల పెంకులు దొరికాయి. అవి జీవజాతులు తుడిచిపెట్టుకుపోయిన మహావినాశనం తర్వాత తొలిగా పుట్టిన జాతులవి. ఆ గుల్లల మీదికి రెండో లావా వచ్చేసరికి భూమి అయస్కాంతం దిక్కు మార్చుకుంది, నేలమీద డైనోసార్లు లేవు.