కుసుంభము పూచిన చేలు

అమరసింహుఁడు కుసుంభమునకు కమలోత్తరము, వహ్నిశిఖము, మహారజనము అను పర్యాయపదములు చెప్పినాఁడు. చెప్పిన తావు గమనింపఁదగినది. అది వైశ్యవర్గము. దూదికిని, ఉన్నికంబళికిని, తేనెకును, మైనమునకును దాపున ఈ పువ్వు కనఁబడుచున్నది. మల్లెకును మాధవికిని గల గౌరవము దీనికి లేదు. ఇది అంగడి సరకు. వహ్నిశిఖ మనఁగా అగ్నిజ్వాల. మహారజన మనఁగా గొప్ప రంగు. సంస్కృతమున కుసుమము వేఱు, కుసుంభము వేఱు. మన తెలుఁగు కాఁపులు మాత్రము రెండవదానిని మొదటిదానివలెనే పలుకుచు, పంటకు కుసుమ యని పేరు నిలిపినారు. ఒక పంటకు పువ్వనియే పేరగుట నాకు ముచ్చటగా నుండును.

గడచిన మాఘమాసమున ఆ చేలు పూచియుండఁగాఁ జూడవలెనని రెండు దినముల ప్రయాణము పెట్టుకొంటిని. పటాన్‌చెరువునఁ గాపురముండు నా కూఁతురి యింటినుండి, అల్లుఁడు కారు నడపఁగా, మనుమరాలిని వెంటఁ బెట్టుకొని ముంబాయి రహదారిమీఁద పడమటికి బయలుదేఱితిమి. ఈ ప్రసంగము ఆ ప్రయాణపు వృత్తాంతము కాదు. ఆ పువ్వు చరిత్రము. అయినను దారిలో నున్న యూళ్లను విడిచి ఆ చరిత్రము చెప్ప వీలులేదు.

పటాన్‌చెరువు సామాన్యమైన యూరు కాదు. పదునొకండవ శతాబ్దమున జగదేకమల్ల బిరుదాంకితుఁడైన కల్యాణి చాళుక్య ప్రభువు రెండవ జయసింహునకు రాజధానియైన పొట్టలకెఱె ఇదియే యని చరిత్రకారులు నిర్ణయించిరి. జైనప్రతిమలు ఈ నేలలో దొరకినవి. ఆ రాజు దేవి సుగ్గలదేవికి దేవర దాసిమయ్య యను నేఁతగాఁడు గురువయ్యెనని శైవుల సంప్రదాయము. అట్టి యూరిచుట్టు 1970 తరువాత పారిశ్రామికవాడ పెరిగినది; మందులకు మూలద్రవ్యములు చేయు రసాయనశాలలు వరుసగా లేచినవి. అదే కాలమున, 1972లో, ఊరిచెంతనే ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధన సంస్థయు వెలసినది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుసెనగ మొదలగు పంటల విత్తనపు మాదిరులు లక్షకుఁ బైగా అచ్చటి శీతలాగారములలో భద్రముగా నున్నవి. కుసుమ ఆ సంస్థ చేపట్టిన పంటలలోనిది కాదు. దానినిగూర్చిన పరిశోధన రాజేంద్రనగరమందలి నూనెగింజల సంస్థవారు చేయుచున్నారు.

సంగారెడ్డి, సదాశివపేట గడచి జహీరాబాదు చేరువఱకు నేల తఱచుగా ఎఱ్ఱనిది. అచ్చటినుండి ఉత్తరముగా న్యాల్‌కల్ వైపు తిరిగినంత నల్లరేగడి విచ్చుకొనును. అచ్చటనే మేము వెదకినది కనఁబడినది. శనగచేను మోకాలి క్రిందనే పచ్చగా నిలిచి చిన్న చిన్న ఊదాపూలు పూచియున్నది. దాని నడుమ నొక సాలు అవిసె, లేఁతనీలపు పూలతో. ఆ రెంటికిని గోడ కట్టినట్లు చుట్టును కుసుమ. క్రొత్తగా విచ్చినది పసుపుపచ్చ, నిన్న విచ్చినది నారింజ, మొన్నటిది ఇటుక యెఱుపు. ఒకే కొమ్మపై మూఁడు దినములు మూఁడు రంగులై నిలిచినవి. వహ్నిశిఖ మను పేరు పెట్టినవాఁడు చేనిగట్టున నిలిచి పెట్టినాఁడే కాని పీఠముపైఁ గూర్చుండి కాదు.

గట్టుమీఁద కలుపు తీయుచున్న యొక ముదుసలి మమ్ముఁ జూచి నవ్వి, “పూలు జూడనీకె వచ్చిండ్రా సారూ? పూలేం జూస్తరు, ముండ్లు జూడుండ్రి” అనినది. చేనిచుట్టు కుసుమ ఏల వేసితివని నా మనుమరాలు అడుగఁగా, “నాలుగు సాల్లు సుట్టూత ఏస్తే గొడ్డు మూతి వెట్టది బిడ్డా. కాపలా మనిషికి కూలెవ్వడిస్తడు?” అని చెప్పినది. కుసుమ ముదిరినకొలఁది ఆకు అంచులును, పూగుత్తి క్రింది రెక్కలును సూదులగును. కోఁతవేళ చేతులకు గుడ్డలు చుట్టుకొని, మంచు తడికి ముల్లు మెత్తనై యుండు తెల్లవాఱుజామునఁ గోయుదురు. ముల్లు లేని రకములను పరిశోధకులు పుట్టించిరి. అవి రంగు రేకులు ఏఱుకొనుటకు మేలు, కావలి పనికి మాత్రము పనికిరావు.

వానకాలము పోయిన పిమ్మట విత్తి, నీరు కట్టక, నేలలో మిగిలిన తేమతోను హేమంతపు మంచుతోను పండించు ఇట్టి పైరులను ఆ ప్రాంతపు స్త్రీలు సత్యం పంటలందురు. కుసుమ వేరు భూమిలోనికి మిక్కిలి లోఁతుగా దిగును. ఆ పేరు పెట్టుటకు ఏ పండితుఁడును తోడురాలేదు. జహీరాబాదు ప్రాంతమున 1983నుండి పనిచేయుచున్న దక్కను అభివృద్ధి సంస్థ స్త్రీలు ఈ విత్తనములను ఎడ్లబండ్లకెత్తి, సంక్రాంతి మొదలుగా ఊరూరఁ ద్రిప్పి, పాత పంటల జాతర చేయుదురు.

ఇఁక రంగు మాట. కుసుమ రేకులలో రెండు రంగులున్నవి. పసుపు విస్తారము, నీటఁ గరఁగును. ఎఱుపు నూటికి ఒక పాలైన నుండదు, నీటఁ గరఁగదు. అద్దకపువారు ఎండిన రేకులను సంచిలోఁ గట్టి, పసుపు పోవువఱకు మాటిమాటికి నీట త్రొక్కి, పిమ్మట క్షారపు నీటఁ బిసికి ఎఱుపును దింపి, దానిలో నిమ్మరసమువంటి పులుసు చేర్చుదురు. అంతట మురికిగా నున్న ద్రవము గులాబివన్నె తేఱును. పటిక యక్కఱలేకయే పట్టును నూలును ఆ రంగును గ్రహించును. బృహదారణ్యకమున పురుషుని రూపమును మహారజనవస్త్రముతోఁ బోల్చిరి. శంకరభగవత్పాదులు అచ్చట మహారజన మనఁగా పసుపుకొమ్మని వ్యాఖ్యానించిరి, అమరుఁడు కుసుంభమనును. ఒకే రేకు పసుపును ఎఱుపును ఇచ్చుటఁ జూచిన వెనుక ఆ తగవు నాకు పెద్దదిగాఁ దోఁపలేదు.

ఈ యెఱుపున కొక లోప మున్నది. ఎండకు వెలయును, ఉతుకునకు నిలువదు. మచిలీపట్టణపు అద్దకమువారు నిలువు రంగునకు చిరివేరునే నమ్ముకొనిరి. కుసుంభపుచీర పండుగకుఁ గట్టి, వెలసినపిమ్మట మరల అద్దుకొనవలసినది. కావుననే అది వసంతమునకుఁ జెల్లినది. కాళిదాసు ఋతుసంహారమున వసంతకాలపు స్త్రీలకు కుసుంభరాగమున నెఱ్ఱనైన దుకూలములను గట్టించినాఁడు. గోలకొండ నేలిన మహమ్మదు కులీ కుతుబ్‌షా (1580–1612) వసంతోత్సవముపై దక్కనీ భాషలో పద్యములు పెక్కు వ్రాసెను. కొండవీటి కుమారగిరి రెడ్డి (1386–1402) వసంతరాయఁడని పేరొందినాఁడు. ఆ యుత్సవములకుఁ గర్పూరాది సుగంధములను ఓడలలోఁ దెప్పించిన వర్తకుఁడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుఁడు హరవిలాసము నాతనికే యంకిత మిచ్చెను. రాజుల వసంతము ఓడదిగి వచ్చినది, అందఱును దానినే చెప్పుకొందురు. చేని వసంతము పంచాంగములోని చైత్రమునకుఁ గాచుకొనియుండక మాఘముననే వచ్చి పోవును.

దీని వర్తకము చిన్నదేమియుఁ గాదు. ఈజిప్టు ప్రాచీన సమాధులలోని వస్త్రములకు ఈ రంగున్నది. జపానుదేశపు స్త్రీలు పెదవులకుఁ బూసికొను ఎఱుపు దీనినుండియే తీసిరి. ఢాకా కుసుంభము లండనునకు ఎగుమతి యయ్యెడిది. 1856లో పెర్కిను అను ఇంగ్లీషు యువకుఁడు మలేరియా మందు చేయఁబోయి, తారునుండి వచ్చు పదార్థముతో ఊదారంగు కనుగొనెను. వెనువెంటనే కృత్రిమమైన ఎఱుపులును వచ్చినవి. చౌకయగుటచే పువ్వురంగు బేరము ముప్పది నలువదేండ్లలోనే పడిపోయినది. కుసుమ నూనెగింజగా బ్రదికినది. నేఁడు పూలచేలనఁగా బాటసారులు చిత్రములు తీసికొను ప్రొద్దుతిరుగుడు అమెరికాఖండపు మొక్క. 1969 ప్రాంతమున మన దేశపు పొలములకు నూనెపంటగా వచ్చినది. దానియందు నాకు వైరము లేదు గాని, దానిని మన ప్రాచీనవసంతమని వర్ణించువారిని విన్నప్పుడు చెవులు మూసికొనవలెననిపించును.

మందు వెదకఁబోయి రంగు చేసిన రసాయనశాస్త్రము మరల రంగులనుండి మందులకుఁ బోయి, ఆ మందులశాలలు పటాన్‌చెరువు చేరినవి. వాని మురుగు నక్కవాగునఁ బడి మంజీరా చేరుచున్నదని 1990లో సుప్రీంకోర్టున వ్యాజ్యము పడినది. వాగు గట్టున వరి పండించుకొన్నవారి చేలు చెడినవి. మా అల్లుఁడు అట్టి శాలలోనే పనిచేయుచు పిల్లను చదివించుచున్నాఁడు గనుక, శాలలు లేచిపొమ్మని నేననను. మురుగు శుద్ధిచేయక వాగునకు విడుచుట మాత్రము దొంగతనమే యందును.

ఆ శాలల నీడ ఇప్పుడు కుసుమచేలవైపు సాగుచున్నది. న్యాల్‌కల్, ఝరాసంగము మండలములలో 17 గ్రామముల నేల, రమారమి 12,600 ఎకరములు, జాతీయ పెట్టుబడుల ఉత్పత్తి మండలమునకని నిర్ణయమై, 2016లో కేంద్రప్రభుత్వపు ఆమోదము పొందినది. ఎకరమునకు ఇంత యని పరిహారము గట్టుటకు లెక్క యున్నది. మంచుతోఁ బండు నేల యను పద్దు ఆ లెక్కలో లేదు. మేము చూచిన చేలలోఁ గొన్ని ఆ గ్రామముల పొలిమేరలలోనివే. ముదుసలిని ఆ సంగతి యడిగితిని. “ఇచ్చినోళ్లు ఇచ్చిండ్రు, నేనైతే ఇత్తిన” అనినది.

చూడఁగోరువారు మాఘమున, శివరాత్రి దాఁటకముందే పోవలయును. ప్రొద్దుటిపూట మేలు. హోళీనాఁటికి చేను ఎండి గవ్వరంగు గింజలును ముండ్లును మాత్రమే యుండును.