హోరులో పోయిన మాట

"చెవిటివాని ముందు శంఖమూదినట్టు" అని మనవారు అంటూంటారు. ఆ చెవుడు పుట్టుకతో వచ్చిందా, లేక శంఖం ఊదీ ఊదీ తెచ్చిపెట్టిందా అని మాత్రం ఎవరూ అడగరు. మనం స్థిరపడిన ఈ కెనడా దేశంలో కర్మాగారాల చరిత్ర చూస్తే, ఆ ప్రశ్న అడగక తప్పదని మాకు తోచింది.

హోరు చెవిని తినేస్తుందన్నది కొత్త సంగతి కాదు. రాగి పాత్రలు సాగగొట్టే కంచరివారికి చెముడు వస్తుందని ఇటలీ వైద్యుడు రామజ్జీని 18వ శతాబ్దపు తొలినాళ్లలోనే రాశాడు. 1886లో గ్లాస్గో చెవి వైద్యుడు థామస్ బార్ బాయిలర్లు తయారుచేసే 100 మందిని పరీక్షిస్తే, వారిలో ఒక్కరికైనా సరైన వినికిడి లేదు. అంటే ఇది తెలియక జరిగిన నష్టం కాదు. తెలిసీ, పనిలో ఇది మామూలేనని సరిపెట్టుకున్న నష్టం.

సరిపెట్టుకోవడం సులువు. ఎందుకంటే రక్తం కారదు, ఎముక విరగదు. లోపలి చెవిలోని సన్నని రోమకణాలు చచ్చిపోతాయి, మళ్లీ మొలవవు. అచ్చులు వినబడుతూనే ఉంటాయి. స, త, క వంటి హల్లులు జారిపోతాయి. పిలిచినట్టు తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. ఇంట్లోవాళ్లు పరధ్యానమనుకుంటారు. ఆంటారియోలో 1914 నాటి కార్మిక పరిహార చట్టం ప్రధానంగా ప్రమాదాల కోసం పుట్టింది. ఏళ్ల తరబడి మెల్లగా వచ్చే చెవుడు అందులో ఇమడడం కష్టం.

మార్పు 1970ల్లో వచ్చింది. 1972లో సస్కాచువాన్ చట్టం చేసి దారి చూపింది. 1974లో ఆంటారియోలోని ఎలియట్ లేక్ యురేనియం గని కార్మికులు సమ్మె కట్టారు. వారి గోడు దుమ్ము గురించి, క్యాన్సర్ గురించి. దానిపై ప్రభుత్వం వేసిన కమిషన్‌కు అధిపతి జేమ్స్ హామ్, వృత్తిరీత్యా ఎలక్ట్రికల్ ఇంజనీరు. 1976లో ఆయన నివేదిక వచ్చింది, 1979లో కొత్త చట్టం అమలైంది. తన పనిలోని అపాయం తెలుసుకునే హక్కు, భద్రత విషయంలో పాలుపంచుకునే హక్కు, అపాయకరమైన పని కాదనే హక్కు కార్మికుడికి దక్కాయి. ఇవి హోరుకూ వర్తించాయి.

అయినా హద్దు తగ్గడానికి మరెన్నో ఏళ్లు పట్టింది. ఆంటారియో కర్మాగారాల్లో 90 డెసిబెల్స్‌గా ఉన్న పరిమితి 2007లో 85 అయింది. 2016లో ఆ నిబంధన నిర్మాణపు పనులకు, పొలాలకు, ఆసుపత్రులకు కూడా విస్తరించింది. క్యూబెక్ 85కు దిగింది 2023లో. అయిదే కదా తేడా అనుకోకూడదు. 3 డెసిబెల్స్ పెరిగితే ధ్వనిశక్తి రెట్టింపు. 85 దగ్గర 8 గంటలు పనిచేయవచ్చుననుకుంటే, 88 దగ్గర 4 గంటలే, 91 దగ్గర రెండే. ఆ లెక్కన 90కీ 85కీ నడుమ మూడు రెట్లకు పైబడిన తేడా ఉంది.

మన సంఘంలో ఇంజనీర్లకు కొదవలేదు గనుక ఒక్కమాట. చెవిలో పెట్టుకునే ప్లగ్గు చివరి ఉపాయం. అది సరిగా కుదరకపోయినా, కాసేపు తీసి పక్కన పెట్టినా రక్షణ చాలావరకు పోతుంది. ముందు చేయవలసింది యంత్రాన్ని నెమ్మదిపరచడం, దానికి మూత వేయడం, గోడ కట్టడం. యంత్రం కొనేటప్పుడే దాని చప్పుడెంతో అడిగే అధికారం మనలో చాలామంది చేతుల్లో ఉంది. ధర అడిగినట్టే అదీ అడగాలి.

ఇక మన పిల్లలు. వేసవి సెలవుల్లో ఏ రంపపు మిల్లులోనో, గిడ్డంగిలోనో చేరితే నాలుగు డాలర్లు వస్తాయని సంతోషిస్తాం. మొదటిరోజే మూడు ప్రశ్నలు వేయమని చెప్పి పంపుదాం: ఇక్కడ హోరు ఎంత? ఎవరు, ఎప్పుడు కొలిచారు? మా వినికిడి పరీక్ష చేయిస్తారా? బ్రిటిష్ కొలంబియాలో హోరు హద్దు మీరిన చోట ఆ పరీక్ష ఏటేటా చేయించి తీరాలి.

జవాబు రాకపోతే మళ్లీ అడగమందాం. వాళ్లు పెద్దయ్యాక, తమ పిల్లలు తెలుగులో పలికే మొదటి మాట స్పష్టంగా వినాలి గదా.