తండ్రి తొట్టి, కొడుకు పొలం

కొత్తగా అక్వేరియం పెట్టుకున్న ఇళ్లలో మొదటి నెల చాలావరకు ఒకేలా గడుస్తుంది. నీళ్లు తేటగా ఉంటాయి, పంపు ఆడుతూనే ఉంటుంది, మేతకు లోటుండదు. అయినా కొద్దిరోజులకే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి, ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. చంపేది కంటికి కనపడని అమోనియా. చేప తిన్న మాంసకృత్తుల్లోని నత్రజని వ్యర్థం ఎక్కువగా మొప్పల గుండా అమోనియాగానే బయటికి వస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా వచ్చేది అదే. దాన్ని నైట్రైట్‌గానూ, ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మార్చే సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో తగినన్ని ఉండవు. అవి పెరిగి ఇసుకనూ ఫిల్టర్‌నూ పట్టుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఈ మార్పిడిని జరిపేది సూక్ష్మజీవులేనని 19వ శతాబ్దం ముగిసేలోపే శాస్త్రవేత్తలు తేల్చారు. చేపలు పెంచేవారికి మాత్రం ఆ మాట చేరడానికి మరో అరవై, డెబ్బై ఏళ్లు పట్టింది. ఇంత ఆలస్యం తెలియక జరిగింది కాదు. అప్పటికే అందరికీ నచ్చిన ఒక సిద్ధాంతం దారికి అడ్డంగా నిలబడింది. అక్వేరియం చరిత్ర చదివితే నాకు అర్థమైంది ఇదే.

ఆ సిద్ధాంతాన్ని నిలబెట్టినవాడు లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్. 1849లో ఆయన దాదాపు 54 లీటర్లు పట్టే గాజుపాత్రలో ఇసుక, మట్టి, కొన్ని సున్నపురాళ్లు పరిచి, వాలిస్నేరియా అనే నీటిమొక్కను నాటి, రెండు గోల్డ్‌ఫిష్‌లను వదిలాడు. చేపలు వదిలే బొగ్గుపులుసు వాయువును మొక్క తీసుకుంటుంది, మొక్క వదిలే ప్రాణవాయువును చేపలు పీలుస్తాయి, కాబట్టి నీళ్లు మార్చకుండానే రెండూ బతకాలన్నది ఆయన లెక్క. కొన్నాళ్లకు ఆకులు కుళ్లి నీళ్లు మసకబారాయి, గాజుకు పాచి పట్టింది. అప్పుడు చెరువు నత్తలను తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకునూ పాచినీ తినేశాయి, వాటి గుడ్లు చేపలకు మేతయ్యాయి, నీళ్లు మళ్లీ తేటపడ్డాయి. 1850లో లండన్ కెమికల్ సొసైటీ ముందు ఆయన ఈ ప్రయోగాన్ని వివరించాడు. జంతువు, మొక్క, నత్త అనే మూడింటి సమతూకంగా ఈ ఆలోచన జనంలోకి వెళ్లింది. ఇంత పొందికైన ఆలోచన ఎవరికైనా నచ్చుతుంది. అయితే ఆ తూకంలో లెక్కకు వచ్చినవి ప్రాణవాయువు, బొగ్గుపులుసు వాయువు, కంటికి కనిపించే కుళ్లు మాత్రమే. అమోనియాకు అందులో చోటు దక్కలేదు.

తర్వాతి పదేళ్లలో బ్రిటన్‌కు అక్వేరియం పిచ్చి పట్టింది. గాజు మీద పన్ను 1845లోనే ఎత్తేశారు కాబట్టి తొట్లు చవకయ్యాయి. 1853లో రీజెంట్స్ పార్కులోని జంతుప్రదర్శనశాలలో చేపలశాల తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన అక్వేరియం పుస్తకం వచ్చింది. మధ్యతరగతి ఇళ్ల హాళ్లలో తొట్లు వెలిశాయి. ఎంత వేగంగా వచ్చిందో అంతే వేగంగా ఆ మోజు 1860లలో చల్లారింది. మోజులు ఎప్పుడూ అలాగే చల్లారతాయని, దానికి రసాయన కారణాలు వెతకనక్కర్లేదని ఎవరైనా అనవచ్చు. అందులో కొంత నిజం ఉంది. కానీ వృత్తిగా చేపలను నిలబెట్టుకున్నవారు ఏం చేశారో చూస్తే విషయం ఇంకోలా కనబడుతుంది. విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో కట్టించిన అక్వేరియంలో ప్రదర్శన తొట్లలో పట్టేదానికన్నా ఎన్నో రెట్ల నీటిని అడుగున చీకటి జలాశయాల్లో నిలవ ఉంచి, అదే నీటిని ఎడతెగకుండా తిప్పాడు. కొత్త నీటికన్నా పాత నీరే మేలని ఆయనకు అనుభవం నేర్పింది. ఆ మేలుకు ఆయన చెప్పుకున్న కారణం మాత్రం ప్రాణవాయువే. పని సరిగ్గా జరుగుతున్నా, దానికి చెప్పే కారణం సగమే నిజం.

మిగతా సగం అక్వేరియంలకు సంబంధం లేని చోట బయటపడింది. మట్టి, పేడ, మూత్రం కలిపి మగ్గబెడితే సురేకారం తయారవుతుందని తుపాకిమందు చేసేవారికి తరాలుగా తెలుసు. ఈస్టిండియా కంపెనీ బీహారు నుంచి ఓడలకెత్తించిన సురేకారం ఊళ్లలో ఇలాంటి మట్టిలో పుట్టిందే. సురేకారం నైట్రేటే. మట్టిలో అమోనియా ఇలా నైట్రేట్‌గా మారడం వట్టి రసాయన చర్య అని అప్పటి శాస్త్రవేత్తల్లో చాలామంది అనుకునేవారు. 1877లో ఫ్రాన్స్‌లో ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు ఒక పొడవాటి గొట్టంలో ఇసుక, సున్నపురాయి పొడి నింపి, మురుగునీటిని బొట్లుబొట్లుగా పంపారు. దాదాపు 20 రోజులు ఏ మార్పూ లేదు. కిందికి దిగే నీటిలో అమోనియా అలాగే ఉంది. ఆ తర్వాత నైట్రేట్ కనిపించడం మొదలై, అమోనియా మాయమైంది. క్లోరోఫాం ఆవిరి పట్టిస్తే పని ఆగిపోయింది. క్లోరోఫాం పోయాక తోటమట్టి కడిగిన నీళ్లు కొద్దిగా పోస్తే మళ్లీ మొదలైంది. ఇది ప్రాణమున్న వాటి పనేనని తేలిపోయింది. ఆ 20 రోజుల నిరీక్షణ వట్టి కాలయాపన కాదు. ఇవాళ కొత్త అక్వేరియంలో మనం చూసేది సరిగ్గా అదే నిరీక్షణ. ఇసుక, సున్నపురాయి, వ్యర్థపు నీరు అన్నీ వారింగ్టన్ గాజుపాత్రలోనూ ఉన్నాయని గుర్తు చేసుకుంటే, ఆయన తొట్టి ఎందుకు నిలిచిందో కూడా ఊహించవచ్చు.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసే విషయం దీని తర్వాతిది. ష్లోసింగ్, మ్యూంట్జ్‌ల ప్రయోగాన్ని ఇంగ్లండులో అందిపుచ్చుకుని ముందుకు నడిపినవాడు ఆ రాబర్ట్ వారింగ్టన్ కొడుకే. తండ్రి పేరే ఆయనదీ. రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాకేంద్రంలో 1878 నుంచి ఏళ్లతరబడి పనిచేసి, ఈ మార్పు రెండు దశల్లో జరుగుతుందని, ముందు అమోనియా నైట్రైట్ అవుతుందని, దాన్ని నైట్రేట్ చేసేది వేరే జీవి అని చూపించాడు. వాటిని విడదీసి పెంచడం మాత్రం ఆయనకు సాధ్యపడలేదు. 1890లో సూక్ష్మజీవ శాస్త్రవేత్త విన్‌గ్రాడ్‌స్కీ సేంద్రియ పదార్థం లేని మాధ్యమం మీద వాటిని పెంచి, విషయాన్ని తేల్చేశాడు. తండ్రి తొట్టిలో కనబడకుండా పనిచేసిన జీవులు కొడుకు పొలం మట్టిలో దొరికాయి. అయినా ఆ జ్ఞానం పొలం నుంచి తొట్టికి తిరిగి రాలేదు. నేల సారం గురించి రాసేవారు, మురుగు శుద్ధిచేసే ఇంజనీర్లు దాన్ని వాడుకున్నారు. అక్వేరియం పుస్తకాలు మాత్రం మొక్కలు, ప్రాణవాయువు, సమతూకం అంటూ పాత పాఠమే చెప్పాయి.

మొక్కలు అమోనియాను నిజంగానే పీల్చుకుంటాయి కదా, అలాంటప్పుడు సమతూకం సిద్ధాంతాన్ని తప్పనడం న్యాయమా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దట్టంగా మొక్కలు నాటి, రెండు మూడు చేపలే ఉంచిన పెద్ద తొట్టి ఆ బలంతో నిలబడుతుంది. వారింగ్టన్ తొట్టి అలాంటిదే. కానీ ఇళ్లలో జరిగేది దానికి తలకిందులు. మొక్కలు తక్కువ, చేపలు ఎక్కువ, మేత ఇంకా ఎక్కువ. అలాంటి తొట్టికి కాపలా కాసేది మొక్క కాదు, ఇసుకరేణువుల మీది సూక్ష్మజీవుల పొర. సిద్ధాంతం దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల, చేపలు చస్తే జనం ఇసుకంతా తీసి కడిగి, నీళ్లన్నీ పారబోసి, మళ్లీ మొదటి రోజుకు వెళ్లేవారు. జబ్బును తగ్గించబోయి మందును పారబోసినట్టయ్యేది. 1949లో అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ ఆట్జ్ సమతూకపు అక్వేరియం వట్టి అపోహ అని సూటిగా రాశాడు. 1950లలో జపాన్‌లో సాయెకి ఇసుక ఫిల్టర్లలో అమోనియా మారే తీరును కొలిచాడు. 1970లో స్టీఫెన్ స్పాట్ పుస్తకం ఈ నత్రజని చక్రాన్ని అక్వేరియం విద్యకు పునాదిగా నిలబెట్టింది.

ఇప్పుడు సీసాల్లో బ్యాక్టీరియా అమ్ముతున్నారు, పరీక్షించే కిట్లు దొరుకుతున్నాయి, ఇక ఈ పాత కథ ఎందుకని మరో ప్రశ్న. నైట్రైట్‌ను మార్చేది నైట్రోబాక్టర్ అని పుస్తకాలు దశాబ్దాలు చెప్పాయి. మంచినీటి అక్వేరియంలలో ఆ పని ముఖ్యంగా చేసేది నైట్రోస్పైరా అని 1998లో హొవానెక్ బృందం చూపింది. 2005లో అమెరికాలోని సియాటిల్ అక్వేరియం తొట్టి నుంచే, బ్యాక్టీరియా కాని ఆర్కియా జాతి జీవి కూడా అమోనియాను మార్చగలదని తెలిసింది. అంటే సీసా మీది పేరు చూసి నిశ్చింతగా ఉండే కాలం ఇంకా రాలేదు. నమ్మదగింది కొలత ఒక్కటే.

మన భీమవరం, కైకలూరు వైపు ఆక్వా రైతులకు ఈ పాఠం బాగా తెలుసు. చెరువులో అమోనియా పెరిగిందని తేలగానే మేత తగ్గిస్తారు, కొంత నీళ్లు మారుస్తారు, ఏరియేటర్లు ఆడిస్తారు. ఇంటి తొట్టికీ అదే సూత్రం. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమోనియాలో విషపూరితమైన రూపం ఒక శాతం కూడా ఉండదు, 8 దగ్గర 5 శాతం దాటవచ్చు. కాబట్టి అమోనియాతో పాటు పీహెచ్ కూడా కొలవాలి. కొలత పెరిగితే క్లోరిన్ తీసిన నీటితో పావు వంతో, సగమో మార్చాలి, మేత ఒకటి రెండు రోజులు ఆపాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి నీటితో కడగకూడదు, తొట్టి నీటిలోనే పిండాలి. ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టి నుంచి కొంత ఇసుకో స్పాంజో తెచ్చుకుంటే నిరీక్షణ బాగా తగ్గుతుంది. అన్నిటికన్నా ముందు, తొట్టి కొన్న రోజే చేపలు కొనకండి. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగి నిలిచేదాకా ఆగి, ఆ తర్వాత రెండు మూడు చేపలతో మొదలుపెట్టండి.