నడి బెంచీ విద్యార్థి - ఇంగ్లీషు నేర్పు యంత్రము

ఏ తరగతిలోనికి తొంగి చూచినను ముందు బెంచీలవారిని, వెనుక బెంచీలవారిని ఉపాధ్యాయుడు పేరుపెట్టి పిలువగలడు. ముందువారు అడుగకమునుపే చేతులెత్తుదురు. వెనుకవారు అల్లరి చేసియో, పరీక్ష తప్పియో ఆయన దృష్టిని తమవైపు త్రిప్పుకొందురు. నడుమ కూర్చున్నవాడు మాత్రము నూటికి నలుబది మార్కులు తెచ్చుకొని, ఎవరికిని భారము గాక, ఎవరి కంటను బడక సంవత్సరములు గడుపును. ఇంగ్లీషు పాఠములో వాని అవస్థ మరింత సున్నితమైనది. లెక్క తప్పినచో పలక తుడిచివేయవచ్చును. నోట తప్పు మాట వెలువడినచో తరగతి యంతయు నవ్వును. ఒకసారి ఆ నవ్వు విన్నవాడు మరల నోరు విప్పుట కష్టము. గడచిన నూరేండ్లలో తరగతి గదిలోనికి వచ్చిన బోధన యంత్రముల చరిత్రను ఈ విద్యార్థి పక్షమున నిలిచి పరిశీలింతము.

అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున మనశ్శాస్త్ర ఆచార్యుడైన సిడ్నీ ప్రెస్సీ 1920 దశకములో ఒక చిన్న యంత్రమును నిర్మించినాడు. దాని కిటికీలో ఒక ప్రశ్న కనిపించును. నాలుగు మీటలలో సరియైన దానిని నొక్కినగాని తరువాతి ప్రశ్న రాదు. దానికి తగిన ఆదరణ లభింపలేదు. 1932లో ఆయన ఆ ప్రయత్నమును విరమించినాడు. 1953 నవంబరులో హార్వర్డు ఆచార్యుడు బి. ఎఫ్. స్కిన్నర్ తన కుమార్తె చదువుచున్న తరగతిని చూడబోయినాడు. అది లెక్కల పాఠము. కొందరు పిల్లలు లెక్కలు ముగించి ఊరక కూర్చుండిరి. కొందరు వానితో కుస్తీ పట్టుచుండిరి. తాము చేసినది ఒప్పో తప్పో ఎవరికిని వెంటనే తెలియదు. ఆ దృశ్యము కదిలింపగా ఆయన మరుసటి సంవత్సరమే తన బోధన యంత్రమును పండితులకు ప్రదర్శించినాడు. 1960లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున డొనాల్డ్ బిట్జర్ 'ప్లేటో' అను పేర కంప్యూటరునే ఈ పనికి వినియోగించినాడు. కాలక్రమమున భాషాపాఠములు సైతము దాని తెరపై వెలసినవి.

ఈ ముగ్గురి ప్రయత్నములలోను ఉన్న సామాన్య గుణము ఓర్పు. యంత్రము విసుగుకొనదు, నవ్వదు, ఎంతసేపైనను వేచియుండును. నడి బెంచీ విద్యార్థికి కావలసినది ఇదియే యని తోచుట సహజము. కాని ఈ ఓర్పు ఒక్కటే చాలునా అను ప్రశ్నకు సమాధానము 1970 దశకములో లభించినది.

ఆ దశకారంభమున అమెరికా ప్రభుత్వపు నేషనల్ సైన్స్ ఫౌండేషను ఇచ్చిన ధనముతో 'టిక్కిట్' అను కంప్యూటరు బోధన పద్ధతి రూపొందినది. దానికి రంగుల టెలివిజను పెట్టెయే తెర. సూత్రము, ఉదాహరణము, అభ్యాసము, సులభము, కఠినము, సహాయము అని వేరువేరు మీటలుండెను. ఎప్పుడు దేనిని నొక్కవలెనో విద్యార్థియే నిర్ణయించుకొనును. ఆరిజోనాలోని ఫీనిక్స్ కళాశాలలోను, ఉత్తర వర్జీనియా కమ్యూనిటీ కళాశాలలోను గణితమును, ఇంగ్లీషు రచనను దీనితో బోధించిరి. అవి ప్రవేశమున గట్టి వడపోత లేని కళాశాలలు. పగలు ఉద్యోగము చేసికొనుచు చదువువారు సైతము వానిలో చేరుదురు. సామాన్య విద్యార్థికి ఇంతకంటె తగిన పరీక్షాస్థలము దొరకదు.

1978లో వెలువడిన ఫలితములు విచిత్రముగా నున్నవి. పాఠక్రమమును తుదముట్ట ముగించినవారు మామూలు తరగతులవారికంటె మంచి మార్కులే తెచ్చుకొనిరి. కాని గణితములో ముగించినవారు నూటికి 16 మందియే; మామూలు తరగతులలో 50 మంది. విద్యార్థిని యంత్రమునకు అప్పగించి, వాని వేగమును వానికే విడిచిపెట్టిరి. వాడు రేపు చేయవచ్చునని ఊరకుండెను. ఇంగ్లీషు రచనలో ఉపాధ్యాయులు తప్పుకొనలేదు. వ్యాకరణము, అభ్యాసము యంత్రమునకు వదలి, వ్యాసములు దిద్దుట, చిన్న బృందములతో చర్చించుట తాము చేసిరి. అక్కడ మధ్యలో మానినవారి విషయములో అంత అంతరము కనబడలేదు. మరియొక అంశము కూడ తేలినది: అప్పటికే విషయముపై కొంత పట్టు ఉన్నవారికే యంత్రము ఎక్కువ లాభించినది.

ఇందలి నీతి స్పష్టము. యంత్రము తప్పు చేసినవాని కొరకు వేచియుండును. రానివాని కొరకును అట్లే వేచియుండును. ఎందుకు రాలేదని అడుగవలెనని దానికి తోచదు. ముందు బెంచీవాడు పిలువకయే వచ్చును. నడి బెంచీవానిని ఒకరు పిలువవలెను.

మన హైదరాబాదులో జరిగిన ప్రయోగ మొకటి ఈ చరిత్రలో చేర్పదగినది. పేద కుటుంబముల పిల్లలు చదువు ఒక ప్రైవేటు పాఠశాలలో 16 మంది బాలబాలికలకు, మాటను విని అక్షరములుగా మార్చు కంప్యూటరు నిచ్చిరి. సుగత మిత్ర, జేమ్స్ టూలీ మున్నగువారు 2003లో ఆ వివరములు ప్రకటించినారు. పిల్లలు ఇంగ్లీషు వాక్యము పలుకుదురు. యంత్రము పొరపాటుగా వ్రాసినచో మరల పలుకుదురు. ఉపాధ్యాయుని జోక్యము స్వల్పమైనను వారి ఉచ్చారణ మెరుగుపడినది. అయితే ఆ పిల్లలు ఒంటరులు కారు; గుంపులుగా కూర్చుండి ఒకరినొకరు సరిదిద్దుకొనిరి. తోడు లేకుండ సాగిన చదువు అదియు కాదు.

నేడు యంత్రము మన జేబులోని ఫోనులోనికే వచ్చినది. యంత్రమును, ఉపాధ్యాయుని కలిపి నడుపు విధానమునకు మిశ్రమ బోధన యని పేరు కూడ వచ్చినది. పేరు క్రొత్తది కావచ్చును గాని, పని పంచుకొనవలసిన తీరును వెనుకటి అనుభవమే సూచించుచున్నది. పదే పదే పలికించుట, తప్పును వెంటనే, నలుగురి ముందు కాక చూపించుట యంత్రము పని. ఆ తప్పుల పట్టికను పాఠమునకు ముందు చదువుకొని, ఎవరు ఎక్కడ ఆగిపోయిరో గ్రహించుట ఉపాధ్యాయుని పని. ఆ పట్టికలో నడి బెంచీ విద్యార్థి పేరు కూడ ఉండును. ఆయన తరగతిలోనికి వచ్చి ఆ పేరు పెట్టి పిలిచి, నిన్న ఆగిన వాక్యమును తనతో ఒకసారి పలుకుమని అడిగిననాడు ఆ యంత్రమునకు పెట్టిన ఖర్చు సార్థకమగును.