బాపు పొది, బెల్జియం రాయి

మొన్నటి ఎపిసోడ్‌లో నా పసుపు రాయి ముచ్చట చెప్తే, "అన్నా, అది ఎక్కడిది?" అని చాలామంది అడిగిన్రు.

ఇక్కడ కువైట్‌లో నేను పనిచేసే సెలూన్‌లో మనిషికో కొత్త బ్లేడు. గీసినంక పారేసుడే. ఊళ్లో మా బాపు పొదిలో మంగలికత్తి, సానరాయి, తోలుపట్టీ ఉండేవి. ఇల్లు మారినప్పుడు ఆ రాయి పోయింది. అట్ల పాతరాళ్ల వెంట పడ్డ. వెతుక్కుంట పోతే ఇది దొరికింది.

దీన్ని కోటిక్యూల్ అంటరు. బెల్జియంలోని ఆర్డెన్ కొండల్లో, వీల్సాల్మ్ చుట్టుపక్కల గనుల్లో తవ్వేవాళ్లు. పసుపు పొర సన్నం, పెళుసు. అందుకే కింద నల్లటి పలకరాయి అతికిస్తరు. అందులోని గార్నెట్ రేణువులే ఉక్కును అరగదీస్తయి. నీళ్లు పోసి, అదే రకం చిన్న ముక్కతో రుద్దితే పాలలాంటి గుజ్జు వస్తది. కత్తి వీపు, అంచు రెండూ రాయికి ఆనించి నూరాలి. మెల్లగా నీళ్లు కలిపి గుజ్జు పలచన చేస్తే అంచు నునుపైతది.

1904లో జిలెట్‌కు సేఫ్టీ రేజర్ పేటెంటు వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులకు అవే ఇచ్చిన్రు. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. కృత్రిమ సానరాళ్లు కూడా తోడై, గనులు ఒక్కొక్కటే మూతపడ్డయి. సాల్మ్‌షాటోలోని పాత కార్ఖానా ఇప్పుడు మ్యూజియం.

పాత డబ్బాల మీద వ్యాపారి లేబుల్ ఉంటది, తవ్వినోళ్ల పేరుండదు. ఇక్కడ మనం కట్టిన బిల్డింగుల మీద మన పేరున్నదా? అందుకే దీన్ని అద్దాల బీరువాలో పెట్టలే. సెలవునాడు నా గడ్డం దీని మీద నూరిన కత్తితోనే.